ఒక్క నొక్కుకి ఊరంతా నిద్ర

ఆకాశం బాబాయ్‌కి ఆ పేరు ఇంట్లోవాళ్ళు పెట్టింది కాదు, టీ కొట్టు బెంచీ పెట్టింది. నేలమీద మొదలుపెట్టిన మాట ఏదైనా సరే, ఆయన నోట పడితే ఆకాశం దాకా వెళ్ళి గానీ ఆగదు. పని మాత్రం నేలమీద కూర్చుని చేసేదే. పరుపులు కుడతాడు. టీ కొట్టు పక్క వరసలోనే ఆయన కొట్టు. కనుబొమల మీద దూది, చొక్కా భుజాల మీద దూది, టీ తాగాక మీసాల మీద కూడా కాస్త దూది.

ఆ పొద్దున కుట్టుపని అమ్మాయి వచ్చి ఆ బెంచీ చివర కూర్చుందంటే టీ మీద మనసుండి కాదు. ఆమెకి వెనక సందులో చిన్న గది ఉంది. వదులైన బట్టలు బిగిస్తుంది, బిగుతైనవి వదులు చేస్తుంది, పాడైన జిప్పులు మారుస్తుంది. చేతిలో పని ఉంది గానీ సందు మలుపు తిరిగి వచ్చే మనుషులే తక్కువ. కడుపు కట్టుకుని కూడబెట్టిన డబ్బు కొంత ఉంది. దాంతో రెండు పనుల్లో ఒకటే చెయ్యగలదు. గుడ్డ అంచులు విడిపోకుండా కుట్టే ఓవర్‌లాక్ మెషిన్ ఒకటి అమ్మకానికి వచ్చింది. వాడినదే, కానీ గట్టిది. అమ్మే ఆయన మధ్యాహ్నం దాకా ఆగుతానన్నాడు. "ఆ తర్వాత వేరేవాళ్ళకి ఇచ్చేస్తే నన్ననొద్దమ్మా" అని కూడా అన్నాడు. లేదంటే ఆ డబ్బంతా బాబాయ్ చేతిలో పెట్టి, ఆయన వేయించుకున్నట్టే తనూ ఫోన్‌లో ప్రకటన వేయించుకోవాలి. నిన్న బాబాయ్ ఆమె గది గుమ్మంలో నిలబడి మరీ చెప్పాడు, "మెషిన్ కొంటే మెషినే ఉంటుంది తల్లీ, మనుషులు రారు. ప్రకటన వేశావా, సందు పట్టదు."

ఈ ప్రకటన సంగతి ముందే తెలుసుకుంటే తక్కిన కథ తేలిగ్గా తలకెక్కుతుంది. ఫోన్‌లో మనం ఏదో ఒకటి వెతుకుతాం కదా. వెతికినప్పుడు పైన రెండు మూడు ప్రకటనలు కనిపిస్తాయి. వాటిని చూసినందుకు ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు. కానీ వేలితో ఒక్కసారి నొక్కామా, ఆ ప్రకటన వేయించుకున్న మనిషి కంపెనీకి కూలి కట్టాలి. నొక్కినవాడు సరుకు కొన్నా కట్టాల్సిందే, ఊరికే చూసి పోయినా కట్టాల్సిందే. మన కొట్టు గడప దగ్గర ఒకడిని నిలబెట్టి, లోపలికొచ్చిన ప్రతి తలకీ వాడికింత అని ఇచ్చుకున్నట్టన్నమాట. ఇలాంటి కంపెనీలు ఇదివరకే ఉన్నాయి. ఇప్పుడు మరొకటి కొత్తగా వచ్చింది. కొత్తది కాబట్టి, చేరినవాళ్ళ పేరున మొదట కొంత సొమ్ము తనే వేసి రుచి చూపిస్తుంది. నొక్కు నొక్కుకీ ఆ సొమ్ము కరుగుతుంది. కరిగిపోయాక మన జేబు తడమాలి. ఎవరైనా నొక్కినప్పుడల్లా ప్రకటన గలవాళ్ళ ఫోన్ టింగుమంటుంది.

బాబాయ్ ఆ ఫోన్‌ని బెంచీ మీద, అందరికీ కనపడేలా, టీ గ్లాసు పక్కన పెట్టాడు.

"అమ్మాయి వచ్చింది కాబట్టి మొదటినుంచీ చెప్తాను," అని గొంతు సవరించుకున్నాడు. "మీరంతా విన్నదే అనుకోండి."

"విన్నది కాదులే బావా," అన్నాడు కటింగ్ షాపాయన. ఆయన వరసకి బాబాయ్‌కి బావమరిది, ఆ చనువు నాలుక మీదే ఉంటుంది. "నువ్వు రోజూ కొత్తదే చెప్తావు."

"సరే విను. నేనేం పెద్ద ప్రకటన రాయలేదమ్మాయ్. 'నిద్ర పట్టడం లేదా? మా పరుపు మీదికి రండి.' అంతే రాశాను. ఎవరైనా ఫోన్‌లో నిద్ర పట్టడం లేదని వెతికితే అది కనపడాలి. పొద్దున వేశానా, టీ చల్లారకముందే టింగ్! ఒకళ్ళు నొక్కారు. ఎవరో ఏమిటో తెలీదు. నొక్కారు. అదీ మొదలు."

ఇంతవరకూ నమ్మడానికి ఇబ్బంది లేదు. కుట్టుపని అమ్మాయి తల ఊపింది. ఒక్కళ్ళు చాలు, అనుకుంది మనసులో. రోజుకి ఒక్కళ్ళు సందు మలుపు తిరిగినా తనకి చాలు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? నొక్కినావిడ దగ్గర్నుంచి ఫోను. 'అయ్యా, నాకు నెలల తరబడి కంటిమీద కునుకు లేదు. మీ ప్రకటన నొక్కాను. మీ పరుపు బొమ్మ చూశాను. చూస్తూ చూస్తూనే నిద్రపోయాను. ఫోను ముక్కుమీద పడ్డా మెలకువ రాలేదు' అంది. పరుపు కొననే లేదమ్మా! బొమ్మ చూసింది, అంతే!"

"మరి కొంటానందా?" అంది అమ్మాయి.

"ఎందుకు కొంటుంది తల్లీ, నిద్ర పట్టేసిందిగా!"

వ్యాన్ డ్రైవరు పగలబడి నవ్వాడు. సామాన్లు చేరవేసే ఆ కుర్రాడికి ఈ టీ కొట్టు దగ్గర బండి ఆపకపోతే పొద్దు పొడవదు. నవ్వుతూనే తలొంచుకుని తన ఫోన్ వైపు చూశాడు. మరుక్షణం బెంచీ మీద బాబాయ్ ఫోను టింగుమంది.

"చూశావా! ఇంకొకళ్ళు!" బాబాయ్ ఛాతీ ఒక అంగుళం పెరిగింది. "మాట్లాడుతుంటేనే వస్తున్నారు. ఇంతలో పెద్ద పరుపుల కంపెనీవాడికి కడుపు మండింది. ఫోమ్ పరుపులు, ఏడంతస్తుల భవనం, గుమ్మంలో నీళ్ళ ఫౌంటెన్. ఈ ప్రకటనల్లో వేలంపాట ఉంటుందమ్మాయ్. ఎవడు నొక్కుకి ఎక్కువిస్తానంటే వాడి ప్రకటన పైనుంటుంది. వాడు పెంచాడు. నేను పెంచాను. వాడు ఇంకా పెంచాడు. నేను ఇదిగో ఇలా ఒక్కసారి దగ్గాను. నా దగ్గు విని వాడు హడలిపోయి, భవనంలో లిఫ్టు అమ్మి పెంచాడు. నేను మళ్ళీ దగ్గాను. మెట్లు అమ్మాడు. ఇప్పుడు వాడు పై అంతస్తులో ఉన్నాడు, దిగే దారి లేదు."

"తిండెలా మరి?" అంది టీ అక్క, పాలు పొంగకుండా మంట తగ్గిస్తూ.

"బుట్టకి తాడు కట్టి పైకి లాగుతున్నారక్కా. ఆ తాడు నేనే పంపాను. వాడితో నాకు పగేముంది?"

బెంచీ ఊగేలా నవ్వారు. టింగ్. మళ్ళీ టింగ్. అమ్మాయికి కూడా నవ్వొచ్చింది గానీ, ఆ నవ్వు వెనక లెక్క మాత్రం ఆగలేదు. మాటలు కోతలే కావచ్చు. కానీ ఆ టింగులు కోతలు కావు కదా, కళ్ళెదుట మోగుతున్నాయి. ఎక్కడో ఎవరో నొక్కుతూనే ఉన్నారు. ఇందులో పదోవంతు తన గదికి వచ్చినా ఆ పాత మెషిన్ ఏం ఖర్మ, సరికొత్తదే కొనుక్కోవచ్చు. సంచిలో ఉన్న డబ్బు కవరు మీద ఆమె చెయ్యి వేసి ఉంచింది. తీసి ఇవ్వడానికో, గట్టిగా పట్టుకోవడానికో ఆ చేతికే ఇంకా తెలియదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? కోర్టులో ఒక జడ్జిగారు. అన్నదమ్ముల గోడ తగాదా. గోడ ఎవరిదో తేలక ఆయనకి నిద్రలేదు. బల్లకింద ఫోన్ పెట్టుకుని చాటుగా నా ప్రకటన నొక్కాడు. గురక! అది చూసి ప్లీడరు నొక్కాడు. వాడూ గురక! అవతలి ప్లీడరు ఊరుకుంటాడా? చివరికి అన్నదమ్ములిద్దరూ ఒకే ఫోన్‌లో నొక్కి, ఒకరి భుజం మీద ఒకరు తలపెట్టుకుని పడుకున్నారు. సాయంత్రం లేచి చూసుకుంటే తగాదా ఏమిటో ఇద్దరికీ గుర్తులేదు. గోడ కూల్చి అక్కడ మంచం వేసుకున్నారు."

"మంచం మీద పరుపు నీదేనా?" అన్నాడు కటింగ్ షాపాయన.

"ఆ మాట అడక్కూడదు. వ్యాపార రహస్యం."

"ఇంతకీ ఎన్ని పరుపులు అమ్మావు బావా? అదొక్కటీ చెప్పు."

"అదుగో, చిన్నబుద్ధి!" బాబాయ్ చెయ్యి విసిరాడు. ఆ విసురుకి భుజం మీద దూది లేచి టీ అక్క పాలగిన్నె వైపు వెళ్ళింది, ఆవిడ విసనకర్రలా చెయ్యాడించి పక్కకి తోలింది. "నేను దేశాల గురించి చెప్తుంటే నువ్వు పరుపుల గురించి అడుగుతావేం? రెండు దేశాలున్నాయి. పేర్లు చెప్పను, మళ్ళీ వాళ్ళు నొచ్చుకుంటారు. సరిహద్దు మీద ఇటు సైన్యం, అటు సైన్యం. ఎవరు ముందు పేలుస్తారో అని ఎవరికీ నిద్రలేదు. ఇటువాడొకడు వెతికాడు, నిద్ర పట్టడం లేదని. నేనొచ్చాను. అటువాడూ వెతికాడు. అక్కడా నేనే! నొక్కారయ్యా మొత్తం పటాలం పటాలం నొక్కారు. ఫిరంగికి జోలపాడినట్టు అంతా ఒరిగిపోయారు. ఇటు గురక అటు వెళ్ళింది, అటు గురక ఇటొచ్చింది, ఆ రెండూ మధ్యలో కలుసుకుని రాజీ పడ్డాయి. యుద్ధం లేదు!"

"ఒక్క మాట బాబాయ్," అన్నాడు వ్యాన్ డ్రైవరు, నవ్వు ఆపుకుంటూ. "అందరూ నిద్రపోతే తర్వాత మళ్ళీ మళ్ళీ నొక్కుతున్నది ఎవరు?"

"నిద్రలో నొక్కుతారు నాయనా! అలవాటైన వేలు ఊరుకుంటుందా?"

డ్రైవరు "అదీ నిజమే" అని ఒప్పుకుని మళ్ళీ తలొంచుకున్నాడు. ఈసారి అమ్మాయి కళ్ళు అతని చేతి మీదే ఉన్నాయి. అతని బొటనవేలు ఫోన్ అద్దం మీద ఒకసారి ఆనింది. బాబాయ్ ఫోను టింగుమంది. ఎంత సరిగ్గా అంటే, తలుపు తడితే తలుపే పలికినట్టు.

ఒకసారి జరిగిందాన్ని పట్టుకుని ఒక నిర్ణయానికి రాకూడదు. రెండోసారి కూడా చూడాలి. టీ గ్లాసు కింద పెట్టి, కటింగ్ షాపాయన వైపు కాస్త జరిగి కూర్చుంది. ఆయన ఒక చేత్తో టీ, ఇంకో చేత్తో ఫోను. మాటకి మాట అంటిస్తూనే ఆయన వేలు కూడా కదిలింది. టింగ్.

అప్పుడామె చెయ్యి డబ్బు కవరు మీద బిగిసింది. కానీ ఇంకా ఒక ఆశ ఉంది. ఇక్కడ వీళ్ళిద్దరు, నిజమే. బయట ఇంకెంతమంది ఉన్నారో? బాబాయ్ చెప్పేది వెయ్యో వంతు నిజమైనా ఎక్కడో ఎవరో ఉండే ఉంటారుగా?

బాబాయ్ ఇవేవీ చూడలేదు. ఆయన ఆకాశానికి దగ్గర్లో ఉన్నాడు.

"చివరికి ఆ ప్రకటనల కంపెనీ యజమానే దిగొచ్చాడమ్మాయ్. వాళ్ళ కంప్యూటర్లు గది నిండా, చల్లటి గదిలో, బీరువాల్లా నిలబెట్టి ఉంటాయి. నా ప్రకటన అన్ని లక్షలసార్లు మోసి మోసి వాటికీ నిద్రొచ్చింది! ఒకదాని తర్వాత ఒకటి కళ్ళు మూశాయి. 'అయ్యా, మా మిషన్లు గురకపెడుతున్నాయి, పక్కింటివాళ్ళు పోట్లాటకి వస్తున్నారు' అని రాశాడు. అప్పట్నించీ రోజూ బతిమాలుతూనే ఉన్నాడు. ఇదిగో చూడు, నిన్న కూడా రాశాడు."

ఫోన్ ఆమె ముందు పెట్టాడు. అందులో ఉన్నది చిన్న సందేశం. 'మేము మీ పేరున వేసిన సొమ్ము పూర్తి కావస్తోంది. ప్రకటన కొనసాగాలంటే దయచేసి మీ సొమ్ము జమ చేయండి.'

"దయచేసి అన్నాడు, చూశావా?" అన్నాడు బాబాయ్ గర్వంగా. "అంత పెద్ద కంపెనీ, నన్ను పట్టుకుని దయచేసి అంటోంది!"

"చూశాను బాబాయ్," అంది అమ్మాయి మెల్లగా.

"ఇంకా అసలుది చెప్పనే లేదు. ఇది విన్నాక నువ్వు ఆ కవరు నువ్వే తీసి ఇస్తావు." ఆయన బెంచీ మీంచి లేచి నిలబడ్డాడు. టీ అక్క కూడా గరిటె ఆపింది. "ఒకరోజు పొద్దున లేచాను. టింగు లేదు. సరే, ఇంకా తెల్లారలేదేమో అనుకున్నాను. మధ్యాహ్నమైంది, లేదు. సాయంత్రమైంది, ఒక్కటంటే ఒక్క టింగు లేదు! ఫోన్ చెడిందేమోనని దులిపి చూశాను, బాగానే ఉంది. అప్పుడు తట్టింది నాకు. ప్రపంచం మొత్తం నిద్రపోయింది! నిద్ర పట్టని మనిషి ఒక్కడంటే ఒక్కడు భూమ్మీద మిగల్లేదు. ఇక వెతికేదెవరు? నొక్కేదెవరు? సముద్రంలో ఓడలు పడుకున్నాయి, ఆకాశంలో పక్షులు రెక్కలు చాపి అలాగే పడుకున్నాయి. సూర్యుడొచ్చి చూసి, ఎవరూ లేవలేదేమిటి చెప్మా అని, కాలివేళ్ళ మీద నడుచుకుంటూ వెళ్ళిపోయాడు!"

కటింగ్ షాపాయన టీ పొలమారి దగ్గాడు. "అదెప్పుడు జరిగింది బావా? నేను మేలుకునే ఉన్నానే!"

"మొన్న బుధవారం! నీకు అలా అనిపించింది, నిద్రలో తిరిగావు. అంతకు ముందు బుధవారం కూడా అంతే. దాని ముందుదీ అంతే. వారమంతా మేలుకున్న ప్రపంచం బుధవారం వచ్చేసరికి నా దెబ్బకి పడుకుంటుంది. గురువారం పొద్దున టీ వేళకి లేచి మళ్ళీ టింగ్, టింగ్, టింగ్!"

బాబాయ్ చేతులు చాచి నిలబడ్డాడు. ఇంక పైకి వెళ్ళడానికి చోటు లేదు.

కుట్టుపని అమ్మాయి ఆయన వంక చూడలేదు. టీ అక్క వైపు తిరిగింది.

"అక్కా, నువ్వు ఏ రోజు కొట్టు తియ్యవు?"

టీ అక్క గ్లాసు కడుగుతూ, ఇందులో అడగడానికేముందన్నట్టు చెప్పింది.

"బుధవారం."

గ్లాసులోంచి నీళ్ళు కిందికి జారిన చప్పుడు వినపడింది. కటింగ్ షాపాయన మెల్లగా తన ఫోను జేబులో పెట్టుకున్నాడు. వ్యాన్ డ్రైవరు మాత్రం ఎక్కడ దాచుకోవాలో తెలియక, చేతిలో ఉన్నదాన్ని బోర్లా తిప్పాడు.

"నువ్వు నొక్కావా?" అన్నాడు బాబాయ్ అతనితో.

"రోజూ నొక్కుతాం బాబాయ్," అన్నాడు డ్రైవరు నీళ్ళు నములుతూ. "అందరం. టీ తాగే ప్రతివాడూ. మా వదిన చేత కూడా నొక్కిస్తున్నాను, ఆవిడ ఇక్కడికి టీకి వచ్చినప్పుడల్లా. నొక్కితే నీకు మంచిదనుకున్నాం. ఓటేసినట్టు."

"నువ్వు కథ చెప్తుంటే ఊ కొట్టాలిగా బావా," అన్నాడు కటింగ్ షాపాయన. "నోరు టీ మీద ఉంటుంది. అందుకని వేలితో కొట్టాం."

ఇందులో ఎవరి తప్పూ లేదు. ప్రేమతో చేసిన పనే. కాకపోతే ఈ ప్రేమకి నొక్కుకింత అని కూలి పడుతుంది. కంపెనీ రుచి చూపించడానికి వేసిన సొమ్మంతా బయటివాళ్ళు ఒక్కరూ నొక్కకుండానే ఈ బెంచీ మీద తాగేసిన టీలతోపాటు దాదాపు అయిపోయింది. అమ్మాయి ఆ సంగతి నాలుగు ముక్కల్లో చెప్పింది. ఎవరినీ ఏమీ అనకుండా, కుట్టు విప్పి చూపించినట్టు చెప్పింది. తన గది ప్రకటన కూడా ఇదే బెంచీ మీద ఇలాగే కరిగిపోయేదని మాత్రం చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది.

బాబాయ్ మీసాలు కిందికి వాలాయి. ఆ కొట్టు దగ్గర అలాంటిది జరగడం అరుదు. తర్వాత ఆయన మీసాలు మళ్ళీ లేచాయి.

"అసలు మీరెవరూ అడగాల్సింది అడగడం లేదు! అక్క బుధవారం కొట్టు ఎందుకు తియ్యదు? ఆవిడ కూడా నా పరుపు మీద ఒళ్ళు తెలియకుండా పడుకుంటుంది కాబట్టి! అంటే తిరిగి తిరిగి నా ప్రకటన బలమేగా?"

టీ అక్క గ్లాసు బోర్లించింది.

"నా పరుపు నీ దగ్గర కొన్నది కాదయ్యా."

ఈసారి బెంచీ నవ్విన నవ్వుకి వీధి అవతల కిటికీ ఒకటి తెరుచుకుంది. డ్రైవరు కళ్ళు తుడుచుకున్నాడు. కటింగ్ షాపాయన బావ వీపు మీద చరిచాడు, దూది మళ్ళీ లేచింది. బాబాయ్ కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

అమ్మాయి లేచి ఫోన్ చేసింది. "అయ్యా, మెషిన్ ఎవరికీ ఇవ్వకండి. నేను బయలుదేరాను" అని, అవతలి మాట వినకముందే సంచి భుజాన వేసుకుంది. అడుగు వేస్తుంటే తన గొంతు తనకే కొత్తగా వినపడింది. ఎవరినీ అడగకుండా తేల్చిన మాట అది.

"అమ్మాయ్," అని పిలిచాడు బాబాయ్ వెనకనుంచి.

ఆగింది.

"ఆ మెషిన్ వస్తే పరుపుల మీద కవర్లు కూడా కుడుతుందా? నా చేతి కుట్టు అంచుల దగ్గర నిలవడం లేదు."

"కుడుతుంది బాబాయ్. దానికోసమే ఉన్నట్టు కుడుతుంది. ఎన్ని కావాలి?"

బెంచీ మీద అందరూ ఆయన మొహంలోకి చూశారు. వందనుంచి లక్షదాకా ఏ అంకె వచ్చినా ఎవరూ ఆశ్చర్యపోరు. ఆయన గడ్డం గీరుకున్నాడు. కనుబొమల మీది దూది తీసి, దాన్ని చూసి, కిందికి వదిలేశాడు.

"రెండు," అన్నాడు.

ఆ అంకె పెరుగుతుందేమోనని ఆమె కాసేపు నిలబడింది. పెరగలేదు.

"సాయంత్రం గుడ్డ తీసుకురా బాబాయ్," అని చెప్పి, కుట్టుపని అమ్మాయి మెషిన్ ఉన్న వైపు గబగబా నడిచింది.